తలుపు మీది కాగితం

అన్నా,

ఆసుపత్రికి పంపనని, మన చిక్కడపల్లి ఇంట్లోనే నిన్ను ప్రశాంతంగా పోనిస్తానని నీ కొడుకు శ్రీను నీకు మాట ఇచ్చాడు. ఆయాసం పెరగగానే బెదిరిపోయి అంబులెన్స్ పిలిచాడు. సరిహద్దులో నిలబడ్డ సుబేదారువి, గొంతులో గొట్టంతో, మంచానికి కట్టేసిన చేతులతో పోయావు.

నీ ఊపిరితిత్తుల జబ్బే ఇప్పుడు నాకూ వచ్చింది. ఒకే పటాలంలో పీల్చిన దుమ్ము కాబోలు. ఇంటికొచ్చి చూసే నర్సు సుజాత, ఆయాసం తగ్గడానికి నాలుక కింద వేసుకునే చుక్కల మందు ఇచ్చింది. "ఆయాసం ఎక్కువైతే నాకు ఫోన్ చేయండి, అంబులెన్స్ వద్దు" అని కాగితం మీద రాసి తలుపుకు అంటించింది.

ఈరోజు నీ సంవత్సరీకం. అశోక్ నగర్ నుంచి శ్రీను వచ్చి ఆ కాగితం పీకేశాడు.

"గిసుంటివి ఇంట్ల పెడ్తరా కాకా? అపశకునం. జర ధైర్యంగుండు, నేనున్నగా."

"నువ్వున్నవనేరా నా భయం."

వాడు నవ్వాడు. ఇకనుంచి పక్కగదిలోనే పడుకుంటాడట. నా నిద్ర చెడుతుందని నా ఫోన్ కూడా తన జేబులో పెట్టుకున్నాడు. ఆయాసం వస్తే అంబులెన్స్ వద్దని చెప్పడానికి నాకు మాట రాదని వాడికి తెలుసు.

పటాలం వదిలాక ఓర్పు మీద ఇన్ని పుస్తకాలు చదివినా నేను క్షమించలేని మనిషి ఒక్కడే మిగిలాడు. నీ శ్రీను.