గడ్డి తినేవాణ్ణి పులి చూసే చూపు

నన్ను జింకను చేసి వదిలిన బావకి,

ఈ ఉత్తరం నీ చెల్లెలి కంట పడనీయకు. గుండె బాగోలేదని డాక్టరు మాంసం మానిపించాక ఆకులూ కాయలూ నములుతూ బతుకుతున్నానా, అప్పుడు నువ్వేమన్నావు? "గడ్డిని జింక తింటుంది, జింకను పులి తింటుంది. నువ్విప్పుడు జింక మెట్టుకి దిగావోయ్, జాగ్రత్త!" అన్నావు. జూలో పులిబోను చూసుకునేవాడితో అనాల్సిన మాటేనా అది?

నవ్వకు. పులి నన్ను చూసే తీరు మారింది. మాంసం వాసన పడక, ముక్కలు కొట్టే పని తోటివాడికి అప్పగించి నేను జింకలకు గడ్డి వేస్తున్నాను. మిగిలిన మోపు చంకన పెట్టుకుని బోను దగ్గరికి వస్తే చాలు, పులి లేచి ఊచల వెంట నాతోపాటే నడుస్తుంది. తోటివాడు మాంసం తెచ్చినా వాడి వంక తిరగదు! దాన్ని వెనక గదిలోకి తోలి, ఇనుప తలుపు దించాకే నేను బోను కడుగుతాను. ఆ తలుపు అవతల దాని ఊపిరి వినబడుతుంటే సగం కడిగి బయటికి వచ్చేస్తున్నాను. పై అధికారికి చెబితే, "ఈసారి ఎవర్ని ఏడిపిద్దామని?" అన్నాడు. ఇన్నాళ్ళూ మాంసం గదిలో నక్కి, వచ్చిన ప్రతివాడి వెనకా పులిలా గాండ్రించిన నోరు నాది. నమ్మేదెవరు?

అందుకే రేపటినుంచి మాంసం తింటాను. గుండె ఆగి చస్తే శవమైనా మీకు దక్కుతుంది.

నీ చెల్లెలి మొగుడు

బావా,

నేనింకా మాంసం తినలేదు. ఇవాళ పొద్దున్నే పులి ఊచల మీదికి ఉరికింది. మోపు విసిరేసి వెల్లకిలా పడ్డాను. పడ్డవాణ్ణి పడ్డట్టే చూద్దును కదా, ఊచల్లోంచి లోపలికి జారిన గడ్డిని అది ఆవులా నములుతోంది! నమిలి కక్కింది.

పశువుల డాక్టరమ్మ వచ్చి చూసింది. "కడుపు బాగోకపోతే పులులూ గడ్డి కొరుకుతాయి. ఇన్నాళ్ళూ అది చూసింది మిమ్మల్ని కాదు, మీ చంకలో మోపుని," అంది. హమ్మయ్య అనబోయాను. "ఇది మాంసం ముట్టక ఎన్నాళ్ళయింది?" అని అడిగింది. నా ప్రాణం గొడవలో పడి అది గమనించనే లేదు బావా.

ముక్కుకి గుడ్డ కట్టుకుని కత్తి మళ్ళీ నేనే పట్టాను. ఎముకలు తీసి, మెత్తటి ముక్కలు కడ్డీకి గుచ్చి అందిస్తున్నాను. ఒక ముక్కని నాలుకతో నాకి వదిలేసింది. ఆకులు తిని నేను బతుకుతాను, అది బతకదు. ఒక్క ముక్కయినా మింగేదాకా ఇంటికి రానని నీ చెల్లెలికి నువ్వే చెప్పు.

నీ బావమరిది