పన్నెండు గంటల ప్రార్థన

మార్కాపురం,
12-8-2025, మంగళవారం.

గిద్దలూరులో ఉన్న అన్నమ్మక్కకు తమ్ముడు దేవదానం ప్రభువు పేరట వందనాలు చెప్పి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. నీ మోకాళ్ల నొప్పి తగ్గిందని తలుస్తాను.

ఫోనుండగా ఉత్తరమేందని నవ్వుతావు. ఫోనులో నువ్వు మాట్లాడతావు, నేను వింటాను. పుట్టినప్పటి నుంచీ అంతే కదా. ఇది మూడో కాగితం. రెండు చించేశాను. మధ్యలో లేచి రెండుసార్లు టీ తాగొచ్చాను.

సంగతేమంటే, నీ కొడుకు ఇమ్మానుయేలుతో నువ్వు మాట్లాడటం లేదట. కారు తాళాలు పెట్టెలో దాచి, బండి అమ్మేదాకా తియ్యనన్నావట. అజాగ్రత్త మనిషి చేతికి బండి ఇవ్వడం పాపమని సంఘంలో అందరి ముందూ అన్నావట. వాడు తలవంచుకుని విన్నాడని కోడలు ఫెబీ చెప్పి ఏడ్చింది. ఆ బాడుగ కారే కదక్కా వాళ్లకు అన్నం పెట్టేది.

వాడు అజాగ్రత్త మనిషి కాదు. ఆ కొత్త బండిలో కెమెరాలున్నాయి. గీత దాటబోతే తనే స్టీరింగు తిప్పుకుంటుంది, ముందు బండి ఆగితే తనే బ్రేకు వేస్తుంది. ఇంక డ్రైవరెందుకురా అన్నాను. వాడు నవ్వలేదు. అది సాయమే గానీ తోలేది మనమే మామా, చేతులు స్టీరింగు మీద, కళ్లు రోడ్డు మీద ఉండాల్సిందే, పక్క నుంచి గొర్రె దూకితే దానికి తెలుస్తాదో లేదో అన్నాడు. ముప్పై ఏళ్లు లారీ తోలినోడికి నువ్వు చెప్పేదేందిరా అని కసిరాను.

పోయిన బుధవారం మేమిద్దరం యర్రగొండపాలెం నుంచి వస్తుంటే సరిగ్గా గొర్రెలే దూకాయి. వాటిని మళ్లించబోయి కాపరి యల్లయ్య మన బండి తగిలి పడ్డాడు, కుడిచెయ్యి విరిగింది. నిన్న పోయి చూసొచ్చాను. ఎడంచేత్తో అన్నం తింటున్నాడు. నాకు మజ్జిగ ఇప్పించాడు. గ్లాసు పక్కన పెట్టి లేచొచ్చాను.

వారం నుంచి నేను తోలే బడి వ్యాను ఎక్కలేదు. జ్వరమని చెప్పాను. జ్వరం లేదు. పిల్లల్ని ఎక్కించుకుని తోలాలంటే భయం. నువ్వు రోజూ పన్నెండింటికి ఫోనులో అందరినీ కలిపి చేసే ప్రార్థనలో నేను ఆమెన్ అనడం లేదు, గమనించావో లేదో. కళ్లు మూయలేకపోతున్నాను.

వాడితో మాట్లాడు. తాళాలు ఇచ్చెయ్యి. మిగతాది సంతకం పెట్టాక రాస్తాను, ముందు రాయడానికి చెయ్యి రావడం లేదు.

నీ తమ్ముడు,
దేవదానం

తా.క. ఆ బుధవారం ప్రార్థన మధ్యలో లైను ఎందుకు తెగిందని అడిగావు. సిగ్నలు లేదన్నాను. అది అబద్ధం. ఒక్కసారి తోలి చూస్తానని వాడిని సతాయించి స్టీరింగు తీసుకున్నది నేను. పన్నెండు కొట్టింది, కారు స్పీకరులో నీ గొంతు వచ్చింది. ప్రయాణంలో ఉన్నవాళ్ల కోసం ప్రార్థిస్తున్నావు. రోడ్డు తిన్నగా ఉంది, బండి తనే పోతోంది కదా అని కళ్లు మూసుకున్నాను. చిన్నప్పుడు ప్రార్థనలో కళ్లు తెరిస్తే నెత్తిన మొట్టేదానివి. ఆ అలవాటు. మామా అని వాడు అరిచినప్పుడు తెరిచాను.

పోలీసులు వచ్చేలోపు వాడు నన్ను జరిపి నా సీట్లో కూర్చున్నాడు, నా వ్యాను పని పోతుందని. నేను వద్దనలేదక్కా. ఈ ఉత్తరం నీకు అందేసరికి స్టేషనుకు పోయి నా పేరు చెప్పేసి ఉంటాను. ఆ రోజు పన్నెండింటికి నేను లైనులో లేకపోయినా ప్రార్థన ఆపొద్దు. ముందు వాడి పేరు చెప్పు.