దూరంగ ఉండమని చెప్పలే

ఆగస్టు 3
పొద్దున లేచేసరికి గొంతు మంట. మింగితే ముల్లు గుచ్చినట్టు. పరీక్షకు పదకొండు రోజులే ఉన్నయి... గోలీ వేసుకొని స్టడీ హాల్‌కు పోయిన. పక్క కుర్చీ ఆమె నాలుగు రోజుల నుంచి దగ్గుతనే ఉంది. ఇయ్యాల నేను కూడా.

రూమ్‌కొచ్చినంక నా రూమ్మేట్ లావణ్య, పుస్తకంలకెళ్లి తల ఎత్తకుంటనే — "జర మాస్క్ పెట్టుకో అక్కా." కోపం వచ్చింది. పెట్టుకోలే.

ఆగస్టు 4
జ్వరం నూట రెండు. ఒంట్లె ప్రతి ఎముక ఎవరో విరిచి మళ్ల అతికించినట్టు. దుప్పటి కప్పుకున్నా వణుకుడే.

లావణ్య పరుపు చుట్టి మూడో అంతస్తుకు పోయింది. "తప్పు అనుకోకు అక్కా, నాకు కూడా పరీక్షనే కదా." తప్పేం లేదు. నేనైనా అదే చేస్తుంటి. కానీ ఆ ఖాళీ మంచం...

ఆగస్టు 5
హాస్టల్‌ల ముప్పై మంది ఆడపిల్లలం. ఎవ్వరూ తలుపు తియ్యలే. టిఫిన్ ప్లేటు బయట నేల మీద పెట్టి, తట్టి, ఉరుకుడే. చెప్పుల చప్పుడు మెట్ల దాకా వినబడుతది.

మధ్యాహ్నం వంట చేసే యాదమ్మ వచ్చింది. లోపటికే వచ్చింది, జావ పట్టుకొని. "గట్ల బయట పెట్టి పోతే ఎవరు తింటరు బిడ్డా?" మంచం మీదనే కూసుంది. నుదుటి మీద చెయ్యి పెట్టింది. అంట్లు తోమి తోమి చల్లగ ఉన్న చెయ్యి.

దగ్గు వచ్చింది. ఆమె జరగలే. దూరంగ ఉండు యాదమ్మా — అనాలె. నోటి దాకా వచ్చింది. చెయ్యి తీసేస్తదేమో అని ఊకున్న.

ఆగస్టు 6
నారాయణగూడ డాక్టర్ దగ్గరికి. ఆటోల మాస్క్ పెట్టుకున్న, ఇప్పుడు.

యాంటీబయాటిక్ రాయుమంటే నవ్విండు. "ఇది ఫ్లూ అమ్మా, వైరస్. దానికి యాంటీబయాటిక్ పనిచెయ్యదు. జ్వరానికి పారాసిటమాల్, మంచిగ నీళ్లు, రెస్టు. తగ్గినంక కూడా ఒకరోజు బయటకు పోకు."

మళ్ల అడిగిండు — "నీ దగ్గరికి వచ్చేటోళ్లల్ల ముసలోళ్లు గానీ, గర్భిణులు గానీ, షుగర్, ఆస్తమా ఉన్నోళ్లు గానీ ఉన్నరా? వాళ్లకు జ్వరమొస్తే ఆగొద్దు. రెండు రోజుల్ల మందు మొదలుపెడితే మంచిగ పనిచేస్తది."

లేరన్న.

మెట్లు దిగుతుంటే యాదకొచ్చింది. యాదమ్మ బొడ్ల చెక్కుకునే ఇన్‌హేలర్. పొయ్యి దగ్గర పొగ తగిలినప్పుడల్లా పీల్చుకుంటది. మళ్ల పైకెక్కి చెప్పొచ్చు. కాళ్లు వణుకుతున్నయని ఆటో ఎక్కిన.

సాయంత్రం మళ్ల జావతో వచ్చింది. ఈసారి చెప్పిన — లోపటికి రాకు, నీకు అంటుకుంటది. "నాకేమైతది?" అని నవ్వింది.

ఆగస్టు 7
జ్వరం తగ్గుతున్నది. అమ్మ ఫోన్. "తిన్నవా?" "తిన్న." "గొంతు అట్లున్నదేంది?" "ఇప్పుడే నిద్ర లేచిన." చెప్తే బస్సెక్కి వస్తది. రావాలనే ఉంది. చెప్పలే.

ఆగస్టు 8
ఉప్మా మాడు వాసన. యాదమ్మ చేతిది కాదు. ఓనర్ మేడం కింద నుంచి అరుస్తున్నది — "ఆమెకు నిన్న సాయంత్రం నుంచి జ్వరమట! రెండు రోజులు ఇట్లనే సర్దుకోండి!"

పుస్తకం తెరిచిన. ఒక్క పేజీ కూడా కదలలే.

ఆగస్టు 9
యాదమ్మ ఇల్లు ఏడనో అడుక్కుంట పోయిన. చిక్కడపల్లి మార్కెట్ వెనక గల్లీ, రేకుల ఇల్లు. మాస్క్ పెట్టుకొని గడప దగ్గరనే నిలబడ్డ.

గోడకు ఆనుకొని కూసుంది. ఊపిరి పీల్చినప్పుడల్లా మెడ కింద గుంట పడుతున్నది. "బిడ్డా..." అని ఆగి, మళ్ల ఊపిరి తీసి, "...తిన్నవా?" పెదాలు నీలంగ. మెడికల్ షాపుల అడిగి తెచ్చిన యాంటీబయాటిక్ చేతిల పెట్టుకొని ఆమె బిడ్డ మమత — కోఠిల చీరల షాపుల పనిచేస్తది — "రెండు గోలీలు వేసిన అక్కా, తగ్గుతలేదు."

ఆటో. పెద్దాసుపత్రి. ముందు ఆక్సిజన్ పెట్టిన్రు. డాక్టరమ్మ — "ఫ్లూ మందు ఇప్పుడే మొదలుపెడుతున్నం. నిన్ననే తెస్తే ఇంకా మంచిగుంటుండె. ఆస్తమా ఉన్న మనిషి, ఏటా ఫ్లూ టీకా వేయించలేదా?" మమత నా దిక్కు చూసింది. అట్లాంటి టీకా ఒకటి ఉందని ఇద్దరికీ తెల్వదు. పరీక్షకు జనరల్ సైన్స్ చదువుతున్న నాకు కూడా.

ఆగస్టు 10
ఆక్సిజన్ మీదనే.

వరండాల మమత — "మా అమ్మకు ఎవరి దగ్గర అంటిందో అక్కా?"
"హాస్టల్‌ల చానమందికి ఉంది."
ఒక్కరికే ఉండె.

ఆగస్టు 12
జర నయం. గొట్టం అప్పుడప్పుడు తీస్తున్నరు. నన్ను చూసి, "పోయి చదువుకో బిడ్డా, ఈడ నీకేం పని?"

మమత ఇడ్లీ తేనీకి కిందికి పోయిందని చూసి చెప్పిన. "నీకు నా నుంచే అంటింది యాదమ్మా. ఆ రోజే దూరంగ ఉండమని చెప్పాల్సింది. చెప్పలే. నువ్వు లేచి పోతవని భయపడ్డ."

కండ్లు మూసుకుంది. నిద్రనో, కాదో. వెనక్కి తిరిగితే తలుపు దగ్గర మమత, చేతిల ఇడ్లీ పొట్లం.

ఆగస్టు 13
రేపే పరీక్ష. ఆసుపత్రికి పోవాల్నా వద్దా అని పొద్దంత. పోయిన.

యాదమ్మ పండుకొని ఉంది, ఊపిరి నిమ్మళంగ. మంచం పక్కన ఒక్కటే స్టూల్, దాని మీద మమత. నన్ను చూసింది. కూసో అనలే. పొమ్మనలే.

నిలబడ్డ...