చెక్కని గడ్డి

నాంపల్లి, 8-2-1999

చిరంజీవి డెన్నిస్‌కు ప్రభువు కృపాశీస్సులు. దేహము కుశలమే గాని మనసు స్థిమితముగా లేదు.

కార్చిచ్చు దాటకుండ అడవి అంచు రైతులందరు గడ్డి చెక్కవలెనని నేటి మండల సభలో నేను పద్యము చదువుచుండగా, మన పొరుగు కిష్టవ్వ లేచినది. "పద్దెం మంచిగుంది సారూ! మేమందరం చెక్కినం, మీ చెల్క కాడనే ఇడిసిపెట్టిన్రు. అగ్గి గాడికెల్లే నా గుడిసె మీదికొస్తది!"

కన్నులార చూడకయే, మన మెట్ట చెలకలో పని ముగిసినదని పట్టికలో సంతకము చేసినవాడను నేనే. అందరి యెదుట ఆ సంతకమును కొట్టివేసితిని.

బర్రెల మేతకని ఉంచితివి కాబోలు; వేరు మేత చూతము. మరదలు మాబెల్ దగ్గు తగ్గినదా? శనివారము తొలి బస్సుకు వచ్చుచున్నాను, రెండు పారలు సిద్ధము చేయుము. అంతవరకు కిష్టవ్వ గుడిసెను కనిపెట్టి యుండుము. పిల్లలకు దీవెనలు.

నీ అన్న,
ప్రేమ్‌రాజ్