ఎవ్వల పేరు తియ్యని ఉపన్యాసం

నరహరీ,

ఫోన్ చేస్తె మీ చిన్నమ్మ మధ్యల ఏడుస్తది, అందుకే రాస్తున్న.

మొన్న మనూరి బడి వార్షికోత్సవంల ఉగ్రవాదం మీద నీ పరిశోధన గురించి మాట్లాడినవు గదా. దానికి అందరు ఒప్పుకునే నిర్వచనం లేదంటివి, పండితులు ఇంక కొట్లాడుతనే ఉన్నరంటివి. మళ్ల నువ్వే, ఒక్కన్ని సతాయించి ఊరందరికి భయం పెట్టుడు దాని గుర్తు అంటివి. నువ్వు ఎవ్వల పేరు తియ్యలే. ముందల కుర్చీల కూసున్న మన వీడీసీ, అదే గ్రామాభివృద్ధి కమిటీ, చైర్మన్ భోజన్న తన పేరే అనుకున్నడు.

తెల్లారి డప్పు చాటింపు చేసిండ్రు. మనింటోళ్లతోని మాట్లాడితె జుర్మానా అట. కిరాణం దుకాణంల ఉప్పు ఇస్తలేరు. పసుపు తవ్వనీకి కూలోళ్లను ఆర్మూర్ నుంచి పిలిపిస్తే ఊరి బయటనే ఆపి మల్లగొట్టిండ్రు. పంట భూమిలనే ఉంది. పండితులకు యేండ్ల సంది తెగని ముచ్చట మన కమిటీ ఒక్క పూటల చేసి చూపెట్టింది. నీ పుస్తకంల వాళ్లకు జర థాంక్స్ రాయి.

మాఫీ అడుగనీకి భోజన్న ఇంటికి పోయిన. మాతోని మాట్లాడితె ఆయనకు జుర్మానా లేదు. "ఊరి బాగు కోసం చేసేది ఉగ్రవాదం కిందికి రాదని మీ పిలగాన్ని రాసియ్యమను, ఎత్తేస్తం" అన్నడు. రాస్తవో రాయవో నీ ఇష్టం.

"అయినా మనూర్ల భయమెక్కడిది? ఎవ్వల్నన్న అడుగుపో" అన్నడు.

వచ్చేటప్పుడు కనవడ్డోళ్లందర్ని అడిగిన. ఒక్కలు గూడ నోరు తెరువలే.

మీ చిన్నాయన