పాసైన ఎముకలు

ప్రియమైన శ్రీవారికి,

ఫోనులో మీ గొంతు వింటే ఏడుపొస్తుంది, అందుకే రాస్తున్నాను. ఎముకల పరీక్షలో పాసయ్యాను! రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత వేసుకునే మాత్రలు ఎముకల్ని గుల్ల చేస్తాయన్నారు కదా, ఏడాదిగా నడక, బరువులు, పాలు, ఏదీ మానలేదు. లెక్కల టీచరంటే మజాకానా?

తీరా చూస్తే డాక్టరమ్మ పెదవి విరిచింది. ఎముకలకు బలమిచ్చే మందు ఆరు నెలలకోసారి సెలైన్‌లా ఎక్కించాలట. జబ్బు ఎముకల్లోకి తిరిగి రాకుండా అది కొంత అడ్డమట. కానీ ఎముకలు బాగా బలహీనపడితేనే మీ కంపెనీ బీమా ఖర్చు భరిస్తుందట. నేనేమో వాళ్ళు గీసిన గీతకు వెంట్రుకవాసి పైన ఉన్నాను. పాసైనందుకు ఏడ్చాను, నవ్వకండి.

మందు వద్దులెండి.

మీ టీచరమ్మ

బంగారూ,

నీ ఉత్తరం క్రేను క్యాబిన్లోనే చదివాను. కింద మేస్త్రీ అరుస్తున్నా చెయ్యి ఆడలేదు. ఇంకో గరిటె పప్పు వద్దన్నట్టు రాశావేంటే! బీమావాడిని అడిగాను. "డాక్టరు కారణం రాసిస్తే చూస్తాం. వస్తుందనీ చెప్పలేం, రాదనీ చెప్పలేం" అన్నాడు, పాము చావకుండా కర్ర విరగకుండా. వాళ్ళిచ్చినా ఇవ్వకపోయినా నువ్వు వేయించుకో. నీ కాళ్ళు పట్టుకుంటాను.

నీ వాడు

ఏమండీ,

కాళ్ళు పట్టుకోవడాలేంటి, ఆయుక్షీణం! ముందు నా పుచ్చిన దవడపన్ను పీకించుకోవాలట, ఆ మందు ఎక్కాక పళ్ళు పీకడం మంచిది కాదట. అమ్మాయి కాలేజీలో చేరాలి. అంతా బూడిదలో పోసిన పన్నీరైతే? బీమావాళ్ళ జవాబు రానివ్వండి.

మీ నేను

బంగారూ,

రెండు ఉత్తరాలు రాశాను, నీ దగ్గర్నుంచి ఉలుకూ పలుకూ లేదు. బీమావాళ్ళు కాదన్నారు. నాకు భయంగా ఉంది. నువ్వు లేకపోతే నేను సెలవుపెట్టి ఎవరింటికి రావాలి?

నీ వాడు

ప్రియమైన మీకు,

మీ ఉత్తరం వచ్చేసరికి మందు ఎక్కించుకుని జ్వరంతో మూలుగుతున్నాను. మొదటిసారి మామూలేనట. పన్నూ పోయింది. డబ్బుకోసం మీ ప్రాణమైన మోటారుసైకిలు మిమ్మల్ని అడక్కుండానే అమ్మేశాను. వచ్చి తిట్టండి.

నేను వెనకాడింది డబ్బు గురించి కాదండీ. మందు ఎక్కించుకుంటే జబ్బు మళ్ళీ రావచ్చని ఒప్పుకున్నట్టే కదా! పాసయ్యాను, పీడ వదిలిందని నమ్ముదామనుకున్నాను. మందు వద్దని డాక్టరమ్మకు చెప్పేసి ఆసుపత్రి మెట్లు దిగుతుంటే అమ్మాయి నా మోచెయ్యి పట్టుకుని "మెల్లగా అమ్మా, మెల్లగా" అంది. ముసలమ్మలతో అనే మాట. అక్కడే, అందరి ముందూ భోరుమన్నాను. ముసలిదాన్ని కావాలని అంత ఆశ నాలో ఉందని నాకే తెలియదు. వెనక్కి తిరిగి మళ్ళీ పైకెక్కి, వేయించుకుంటానని చెప్పాను.

వచ్చే విడతకి ఏం అమ్మాలో తెలియడం లేదు. ఆ మందు పనిచేస్తుందో లేదో డాక్టరమ్మకీ తెలియదు. సెలవు పెట్టి రండి. నాకు బతకాలనుందండీ.

మీ నేను