పన్నెండు వోల్టుల కాపురం

కూరాబిన్ ఏటిగట్టు క్యాంపు,
జులై 22, మంగళవారం.

ప్రియమైన గ్లెనిస్‌కు,

నేనిక్కడ బాగానే ఉన్నాను. నువ్వూ, మన అమ్మాయి బ్రోన్విన్, పాపాయి ఐవీ బల్లారాట్‌లో బాగున్నారని నిన్న సాయంత్రం స్క్రీను మీద నా కళ్ళతోనే చూశాను. నలభై నిమిషాల్లో ఒక్కసారి కూడా బొమ్మ ఆగలేదు. మూడు నెలల్లో అలా జరగడం ఇదే మొదలు. అయినా నువ్వు ఆశ్చర్యపోలేదు. ఎందుకు ఆశ్చర్యపోలేదో నాకు తెలుసు. ఆ సంగతి తర్వాత రాస్తాను, ముందు మిగతావి కానీ.

బొమ్మ బాగానే వస్తున్నప్పుడు ఉత్తరమెందుకు అంటావేమో. ఇవి స్క్రీను ముందు చెప్పే మాటలు కావు. మనం కాపురముంటున్న ఈ వ్యాను గోడల మందం నీకు తెలియనిదా? నేను దగ్గితే పక్క వ్యాన్లోంచి "టీ పెట్టమంటావా?" అని అడుగుతారు. ఆ అడిగేది ఎవరో కూడా నీకు తెలుసు.

పోయిన ఉత్తరంలో నువ్వు అయిదు ప్రశ్నలు అడిగావు. రెండు నా గురించి, మూడు ఆ పక్క వ్యాను క్లెమ్ గురించి. సరే, వరసగా జవాబులు చెబుతాను. బీపీ మాత్రలు వేసుకుంటున్నాను. ఉన్ని మేజోళ్ళు దొరికాయి, నువ్వు చెప్పిన డబ్బాలోనే ఉన్నాయి. క్లెమ్ దగ్గు తగ్గింది. క్లెమ్ కుక్క కాలు కూడా బాగయింది, నిన్న నా చెప్పు ఎత్తుకుపోయింది. క్లెమ్ కూరగాయలు తింటున్నాడా అని అడిగావు. అతని పళ్ళెంలోకి తొంగిచూసే అలవాటు నాకు లేదు. మొన్న మాత్రం గుమ్మడికాయ తిన్నాడు, రెండోసారి కూడా వడ్డించుకున్నాడు.

నేను కూరగాయలు తింటున్నానా లేదా అని నువ్వు అడగలేదు. తినడం లేదు.

ఆ మనిషిని ఏమైనా అందామంటే అనడానికి ఏమీ దొరకదు, అదే నా ఏడుపు. ముప్ఫై ఏళ్ళు టెలిఫోను లైన్లు వేశాడు, భార్య పోయి ఆరేళ్ళయింది, ఒక్కడే తిరుగుతున్నాడు, తాగి వాగడు. అరవై తొమ్మిదేళ్ళొచ్చినా నెత్తిన జుట్టంతా అలాగే ఉంది. నా టోపీ గాలికి ఎగిరిపోతే పరుగెత్తి తెచ్చిచ్చేది కూడా అతనే. తెచ్చిస్తూ నా బట్టతల వైపు చూడకుండా మర్యాదగా ఏటివైపు చూస్తాడు. అది నాకు ఇంకా మండుతుంది.

ఏప్రిల్లో నువ్వు అమ్మాయి పురిటికి వెళ్ళావు. మే నెలలో ఒకనాడు ఐవీని ఒళ్ళో పెట్టుకుని నువ్వన్న మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "చూడు మెర్వ్, దీని మొహం రోజూ చూడనిస్తే నేను బండికి వస్తాను. లేదంటే ఇక్కడే ఉండిపోతాను. నీ బండిని నువ్వే ఏలుకో." అప్పుడు నవ్వుతూనే అన్నావు. నేను మాత్రం నవ్వలేదు. అంతలో బొమ్మ ఆగిపోయింది.

ఎందుకు ఆగేదో నాకు మొదట్నుంచీ తెలుసు. బయట ఒప్పుకోలేదు, అంతే. సీటు కింది బ్యాటరీలో ఉండేది పన్నెండు వోల్టులు. ఇన్వర్టరు దాన్ని రెండువందల నలభైకి ఎక్కించేది. ఇంటర్నెట్టు డిష్షు తాలూకు పెట్టె దాన్నే మళ్ళీ తనకు కావలసినంతకు దించుకునేది. ఎక్కించడంలో కొంత, దించడంలో కొంత కరెంటు ఊరికే వేడైపోయేది. మాట్లాడటం మొదలుపెట్టిన పావుగంటకల్లా ఇన్వర్టరు పిల్లిపిల్లలా కీచుమనేది. జెనరేటరు వేద్దామంటే సాయంత్రం నాలుగున్నర దాటాక ఈ క్యాంపులో ఎవరూ వెయ్యరు. వేస్తే చుట్టూ ఉన్న పదకొండు వ్యాన్లలోంచి మెడలు బయటికొస్తాయి.

"నీళ్ళు ట్యాంకు మీదికి మోసుకెళ్ళి, మళ్ళీ కిందికి దింపుకుని తాగుతున్నావు గురూ," అన్నాడు క్లెమ్ ఓసారి. "బ్యాటరీ నుంచి సూటిగా ఇచ్చెయ్. మధ్యలో చిన్న కన్వర్టరు చాలు. నాది చూడు, రోజంతా నడుస్తుంది."

"నాకు తెలుసులే," అన్నాను.

తెలుసు కాబట్టి అలాగే చేశాను కూడా. మాట్లాడకుండా ఒక చిన్న కన్వర్టరు తెచ్చి, నిరుడు వెనక ఫ్యాన్ కోసం కార్పెట్ కింద వేసిన వైరే దానికి తగిలించాను. ఆ వైరు షూ లేసంత ఉంటుంది. బ్యాటరీ దగ్గర మీటరు పెడితే పన్నెండున్నర చూపించేది. వెనక కిటికీ దగ్గరికి వచ్చేసరికి పదకొండు, ఫ్రిజ్ మొదలైతే పది. అంతే, డిష్షు పడుకునేది. మళ్ళీ లేచి ఆకాశంలో వెతుక్కోవడానికి అయిదారు నిమిషాలు. నువ్వు "మెర్వ్, నీకో మాట చెప్పాలి" అనడం, ఫ్రిజ్ గుర్రుమనడం, నువ్వు నోరు తెరిచినట్టే బిగుసుకుపోవడం. కొన్నాళ్ళు ఫ్రిజ్ ఆపేసి మాట్లాడాను. ఆ వారం సాసేజీలన్నీ క్లెమ్ కుక్క తింది.

అయినా వైరు మార్చలేదు. మారిస్తే అతను చెప్పింది నిజమని ఒప్పుకున్నట్టే కదా. అదీ నా తెలివి.

అసలు కథ అయిదింటికి మొదలయ్యేది. ఎవరి కుర్చీ వాళ్ళు, ఎవరి గ్లాసు వాళ్ళు తెచ్చుకుని పొయ్యి చుట్టూ కూర్చునే వేళకి నా డిష్షు పడుకునేది. నువ్వు వెంటనే క్లెమ్‌కి ఫోన్ చేసేదానివి. అతను ట్యాబ్ పట్టుకుని నా కుర్చీ దగ్గరికి వచ్చేవాడు.

"గ్లెనిస్ నా దాంట్లో ఉంది గురూ. ఇదిగో, మాట్లాడు."

నా పెళ్ళాం అతని దాంట్లో ఉండటమేమిటి? ఆ మాట వింటే నాకు ఒంటిమీద తేళ్ళు పాకేవి. ట్యాబ్ చేతికందేసరికి నువ్వు ఇంకా నవ్వుతూ ఉండేదానివి. దేనికి నవ్వావో నాకు తెలియదు, ఆ జోకు అతనికి చెప్పింది. నాకు దక్కేది జోకు అయిపోయాక మిగిలిన మొహం. గుంపులో ఎవరో ఒకరు "పాపాయిని చూపించమ్మా!" అనేవాళ్ళు, ట్యాబ్ చేతులు మారేది, నా దగ్గరికి తిరిగొచ్చేసరికి పాపకి పాలవేళ అయ్యేది.

జూన్ పదకొండున ఐవీ మొదటిసారి నవ్వింది. నేను కార్పెట్ ఎత్తి వైరు ఊపుతూ ఉన్నాను. బయట అందరూ ఒక్కసారిగా "ఓహో!" అన్నారు. పరుగెత్తుకొచ్చాను. అప్పటికే నోరు మూసేసింది. "భలే నవ్విందిలే, ఒక్క పన్ను లేదు, అయినా నోరంతా తెరిచింది," అన్నాడు క్లెమ్ కళ్ళు తుడుచుకుంటూ. నా మనవరాలి మొదటి నవ్వు క్లెమ్ చూశాడు, నేను రెండోది చూశాను. అది కూడా నాలుగు రోజుల తర్వాత.

ఆ రోజు నుంచి అతనితో సరిగ్గా మాట్లాడలేదు. "వైరు మార్చనా? అరపూట పని," అని మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ "అవసరం లేదు" అన్నాను. మూడోసారి ఇంకో మాట కూడా అన్నాను. "నీకు నా వైర్ల మీద కంటే ఇంకెవరి మీదో శ్రద్ధ ఎక్కువ." అతను కుక్కను తీసుకుని ఏటివైపు వెళ్ళిపోయాడు. ఈ సంగతి నీకు చెప్పి ఉండడు. చెప్పడని నాకు తెలుసు, అదొక మంట.

ఇక దాచుకున్న మాట.

పోయిన శుక్రవారం హైవే మీది పెట్రోలు బంకు రోడ్‌హౌస్‌కి వెళ్ళే వంతు నాది. క్యాంపు పార్శిళ్ళన్నీ అక్కడే తలుపు పక్క బల్ల మీద పెడతారు, వెళ్ళినవాళ్ళు అందరివీ తెచ్చి పంచుతారు. తేవడం ఇక్కడి ఆనవాయితీ. విప్పడం కాదు.

బల్ల మీద ఒక బరువైన పెట్టె ఉంది. దాని మీద "క్లెమ్" అని నీ చేతిరాత. నీ "క" ఎలా ఉంటుందో నలభై ఒక్కేళ్ళుగా చూస్తున్నవాణ్ణి. ఆ పెట్టెను ముందు సీట్లో నా పక్కన, నువ్వు కూర్చునేచోట పెట్టుకుని ఏడు కిలోమీటర్లు వచ్చాను. అల్లిన టోపీ అయి ఉంటుంది అనుకున్నాను. స్వెటర్ అయినా అయి ఉంటుంది, బరువుగా ఉంది కాబట్టి జామ్ కూడా పెట్టి ఉంటుంది. నాకు ఏప్రిల్ నుంచి ఒక్క సీసా జామ్ పంపలేదు. ఏటి మలుపు దగ్గర బండి ఆపి, జేబుకత్తితో పెట్టె విప్పాను.

వేరేవాళ్ళ పార్శిల్ విప్పాను గ్లెనిస్. నా జీవితంలో అంత నీచమైన పని చెయ్యలేదు.

లోపల జామ్ లేదు. నా బొటనవేలంత లావు వైరు చుట్ట, మంచి కన్వర్టరు, ఫ్యూజులు, ఒక కాగితం. కాగితం మీద మన వ్యాను బొమ్మ, నీ గీత. "సీటు కింద బ్యాటరీ నుంచి వెనక కిటికీ దాకా, మలుపులతో కలిపి ఆరున్నర మీటర్లు. అల్లికల టేపుతో కొలిచాను." ఎప్పుడు కొలిచావు? నువ్వు వెళ్ళే ముందేగా? నేను చేపలకు పోయినప్పుడా?

దాని కింద రాసింది కూడా చదివాను.

"క్లెమ్, మీరు చెప్పినవన్నీ కొన్నాను. ఇవి మీ దగ్గర ఊరికే పడున్నాయని చెప్పండి. నేను పంపానంటే ముట్టుకోడు. కార్పెట్ కింద సన్న వైరు ఉందని నాకు తెలియదనుకుంటున్నాడు, ఆ మాట ఎత్తకండి, చిన్నబుచ్చుకుంటాడు. నేను ఇరవై నాలుగు, గురువారం బస్సుకి వస్తున్నాను. పది రోజులు ఉండి చూస్తాను. డిష్షు నిలబడితే నేనూ ఉంటాను, లేదంటే వెనక్కి వచ్చేస్తాను. చెప్పకండి. నన్ను చూసినప్పుడు మెర్వ్ మొహం ఎలా ఉంటుందో చూడాలి."

ఏటి ఒడ్డునే ఆ కాగితం ఇంకోసారి చదివాను. తర్వాత పెట్టెకు టేపు అంటించాను. వంకరగా అంటుకుంది. తెచ్చి క్లెమ్‌కి ఇచ్చాను. అతను టేపు చూశాడు, నన్ను చూశాడు, "దారి బాగాలేదేమో, పాపం, నలిగింది," అన్నాడు.

ఆదివారం పొద్దున్నే వైరు చుట్ట భుజాన వేసుకుని వచ్చాడు. "గురూ, ఇది నా దగ్గర ఊరికే పడుంది. చోటు దండగ." అబద్ధం చెప్పడం అతనికి అస్సలు రాదు, చెవులు ఎర్రగా అయిపోయాయి.

"పడుంటే ఇటియ్యి," అన్నాను. "నాకు నేర్పుతూ వెయ్యి."

వైరు తొక్క తియ్యడం, కొసకు రాగితొడుగు నొక్కడం, ఫ్యూజు బ్యాటరీకి దగ్గరగా పెట్టడం అన్నీ నా చేతే చేయించాడు. నేను తప్పు చేసినప్పుడల్లా అలవాటుగా ఏటివైపు చూశాడు. మధ్యాహ్నానికి వెనక కిటికీ దగ్గర మీటరు పన్నెండుంపావు చూపించింది. ఫ్రిజ్ వేశాను, పన్నెండు. డిష్షు కదల్లేదు. "నేనన్న మాటకి ఏమీ అనుకోకు," అన్నాను మీటరు వైపు చూస్తూ. "ఏ మాట?" అన్నాడు.

ఇంత జరిగాక నాకు బుద్ధొచ్చిందని రాస్తే నువ్వు నమ్మవు. నాకు ఇంకా కుళ్ళుగానే ఉంది. వైరు ఎంత లావు ఉండాలో అతన్ని అడిగావు, నన్ను అడగలేదు. మన బండి బొమ్మ గీసి అతనికి పంపావు. నాకు తెలియకుండా మీ ఇద్దరి మధ్య ఒక రహస్యం ఉంది, అది నా గురించే అయినా సరే, ఉంది. నాతో ఎందుకు చెప్పలేదా అని నాలుగు రోజులుగా ఆలోచిస్తున్నాను. మన మొదటి కారవాన్‌లో నువ్వు "ఆ ఎర్ర వైరు అటు కాదేమో" అన్నావు. "నీకేం తెలుసు" అన్నాను. పొగ వచ్చింది, నీ కర్టెన్లు కాలాయి. ఆ తర్వాత నువ్వు వైర్ల మాట ఎప్పుడూ ఎత్తలేదు. నీకు ఏం తెలుసో నేనూ ఎప్పుడూ అడగలేదు. క్లెమ్ అడిగి ఉంటాడు.

పెట్టెకు టేపు అంటించక ముందే, కాగితంలో నువ్వు గీసిన బొమ్మ ఉన్న పై సగం కోసి తీసుకున్నాను. అది మాత్రం అతనికి ఇవ్వలేదు. బ్యాటరీ మూత లోపల అంటించాను.

ఈ ఉత్తరం పోస్టులో వెయ్యడం లేదు. ఎల్లుండి బస్సు దగ్గర నీ చేతికే ఇస్తాను. ఆశ్చర్యపోయిన మొహం పెట్టడం అద్దం ముందు ప్రయత్నించాను, పన్నునొప్పి వచ్చినవాడిలా ఉంది. బస్సు రోడ్‌హౌస్ దగ్గర ఇరవై నిమిషాలు ఆగుతుంది. ఇది చదవడానికి పది నిమిషాలు చాలు. ఇలాంటివాడితో వేగలేననిపిస్తే మిగతా పది నిమిషాల్లో టీ తాగి, అదే బస్సెక్కి వెళ్ళిపో. నేను అడ్డురాను. ఉండాలనిపిస్తే పెట్టె దించుకో, నేను మోస్తాను. సాయంత్రం అయిదింటికి ఐవీ మన డిష్షులోనే, మన స్క్రీను మీదే కనిపిస్తుంది.

నిన్ను చూడటానికి బస్సు దగ్గరికి తనూ వస్తానన్నాడు క్లెమ్. వద్దన్నాను.

ఇట్లు,
నలభై ఒక్కేళ్ళుగా నీ మొగుడు,
మెర్విన్.